పొద్దుటి ముద్ద

దివా నుంచి వసయికి పోయే రైలు దారిలో భివండి రోడ్ అనే స్టేషను ఉంది. అక్కడ దిగి ఊళ్లోకి వచ్చేకొద్దీ ఒక చప్పుడు మొదలవుతుంది. అది ఆగదు. పగలూ రాత్రీ ఒకే తీరుగా వినిపిస్తూనే ఉంటుంది. ఠాణె జిల్లాలోని ఈ పట్టణం మరమగ్గాలకు దేశమంతటా పేరు పొందింది. లక్షల మగ్గాలు ఉన్న ఊరు ఇది. మరమగ్గాలను ఇక్కడి తెలుగువాళ్లు సిరిసిల్లలోలాగే 'సాంచెలు' అంటారు.

నల్గొండ, కరీంనగర్, వరంగల్, మహబూబ్‌నగర్ జిల్లాల పద్మశాలి కుటుంబాలు బతుకుతెరువు కోసం బొంబాయికి, షోలాపూర్‌కు, భివండికి తరలివచ్చి కొన్ని తరాలు గడిచాయి. 1982 జనవరిలో బొంబాయి బట్టల మిల్లుల్లో పెద్ద సమ్మె మొదలైంది. మిల్లులు మూతపడ్డాక నేత పని చాలామటుకు భివండి సాంచెల మీదికి వచ్చింది. పనితోపాటు మనుషులూ వచ్చారు. కామత్‌ఘర్, పద్మానగర్ వాడల్లో నేటికీ ఇంటి మాట తెలుగే. బజారులో మరాఠీ, హిందీ మాట్లాడిన పిల్లలే గడప దాటి లోపలికి రాగానే "అమ్మా, ఆకలైతుంది" అంటారు.

సాంచెల మీద పని సాధారణంగా పన్నెండు గంటల షిఫ్టు. పగటి షిఫ్టువాళ్లు ఎక్కే వేళకు రాత్రి షిఫ్టువాళ్లు దిగుతారు. ఉదయం ఏడెనిమిది గంటల మధ్య భివండి గల్లీల్లో రెండు రకాల మనుషులు ఎదురుపడతారు. ఒకరు నిద్ర లేచి వస్తున్నవారు, ఒకరు నిద్రకు పోతున్నవారు. ఇద్దరూ ఆగేది చాయ్ బండి దగ్గరే. ఒక కప్పు చాయ్, దానిలో ముంచుకోవడానికి ఒక ఖారీ బిస్కెట్టో, పావు రొట్టో. సరిగ్గా అదే వేళకు పిల్లలు సంచి భుజాన వేసుకొని బడికి బయలుదేరుతారు. వాళ్లు చేసేది కూడా పెద్దలను చూసి నేర్చుకున్నదే. "పొద్దున ఏం తిన్నవు బిడ్డా?" అని అడిగితే "చాయ్ తాగిన సార్" అనే జవాబు తరచుగా వినిపిస్తుంది. తిన్నదేమిటని అడిగితే తాగినదాన్ని చెప్పడం చిత్రమే. కాని అందులో అబద్ధం లేదు. తినడానికి వేరే ఏమీ లేదు మరి.

ఇది సోమరితనం వల్ల వచ్చిన అలవాటు కాదు. ఊళ్లో గుంట మగ్గం ఇంట్లోనే ఉండేది. నేసేవాడు తెల్లవారుజామున కూర్చుని, పొద్దెక్కాక లేచి, ఇంటిల్లిపాదితో కలిసి తినేవాడు. మగ్గం ఆగితే ఆకలి తీరేది, ఆకలి తీరితే మగ్గం మళ్లీ ఆడేది. సాంచె అలా ఆగదు. జీతం మీటరు లెక్కన వస్తుంది కనుక ఆపినవాడు నష్టపోతాడు. తండ్రి రాత్రి షిఫ్టు నుంచి వచ్చి పడుకుంటాడు. తల్లి నీళ్లు పట్టి, బీడీల ఆకు కత్తిరించడానికో, కండెలు చుట్టడానికో కూర్చుంటుంది. పొయ్యి మీద అన్నం ఉడికేసరికి పదిన్నర, పదకొండు అవుతుంది. పెళ్లాంపిల్లల్ని ఊళ్లో వదిలి ఒంటరిగా వచ్చిన కార్మికులు మెస్సుల్లో తింటారు. వీటిని ఇక్కడ 'భిస్సీ' అంటారు. అక్కడ దొరికేది మధ్యాహ్న భోజనం, రాత్రి భోజనం. పొద్దున మాత్రం చాయ్ బండే దిక్కు. ఈ విధంగా భివండిలో రోజుకు మూడు పూటల్లో మొదటి పూట జారిపోయింది.

ఆ పూట జారిపోతే శరీరంలో ఏం జరుగుతుందో తెలుసుకోవడానికి సాంచె దగ్గరికే పోవచ్చు.

నాడెలో కండె ఉంటుంది. కండె మీద పేక నూలు ఉంటుంది. నాడె అటూ ఇటూ పరుగెత్తినప్పుడు ఆ నూలు పడుగులో పడి బట్ట అవుతుంది. కండె అయిపోయిందనుకోండి. నాడె ఆగదు, చప్పుడూ తగ్గదు. కాని బట్ట మాత్రం పెరగదు. దూరం నుంచి చూసేవాడికి మగ్గం నడుస్తున్నట్టే కనిపిస్తుంది. దగ్గరున్న నేతగానికే అది వట్టి ఆట అని తెలుస్తుంది.

మనిషి కాలేయం అటువంటి కండె. తిన్న అన్నంలో, రొట్టెలో ఉన్న పిండి పదార్థం అరిగి గ్లూకోజు అవుతుంది. అప్పటికప్పుడు అవసరం లేనిదాన్ని కాలేయం గ్లైకోజెన్ అనే రూపంలో చుట్టి దాచుకుంటుంది. పెద్దవాళ్ల కాలేయంలో ఇది సుమారు 100 గ్రాముల వరకు ఉంటుంది. పిల్లల కాలేయం చిన్నది కాబట్టి నిలవ కూడా తక్కువే. రాత్రి తొమ్మిదింటికి తిని పడుకున్న పిల్లవాడు ఉదయం ఏడింటికి లేస్తే పది గంటల ఉపవాసం పూర్తయినట్టు. నిద్రలో కూడా గుండె కొట్టుకుంటుంది, ఊపిరి ఆడుతుంది, మెదడు పనిచేస్తుంది. ఈ పనులన్నిటికీ నూలు ఆ కండె నుంచే పోతుంది. తెల్లవారేసరికి అది చాలావరకు ఖాళీ అవుతుంది.

మెదడు చిన్న అవయవమే అయినా దాని ఆకలి చిన్నది కాదు. పెద్దవాళ్ల శరీర బరువులో అది సుమారు 2 శాతం. శరీరం వాడే శక్తిలో మాత్రం అయిదో వంతు దానికే పోతుంది. పిల్లల్లో ఈ వాటా ఇంకా ఎక్కువ. అయిదేళ్ల ప్రాయంలో శరీరం ఒక రోజులో వాడే శక్తిలో 40 శాతానికి పైగా మెదడే తీసుకుంటుందని 2014లో వెలువడిన ఒక పరిశోధన అంచనా కట్టింది. ఆహారం అందకపోతే శరీరం వెంటనే కూలిపోదు. కొవ్వును కరిగించి, కండరాల నుంచి తీసుకొని ఎలాగో నెట్టుకొస్తుంది. అయినా మూడో పీరియడుకు లెక్క తప్పడం, ఎక్కాలు తెలిసి కూడా నోటికి రాకపోవడం, తలనొప్పి, ఊరికే కోపం రావడం వంటివి కనిపిస్తాయి. పుస్తకం తెరిచే ఉంటుంది, కళ్లు వరుసల మీద తిరుగుతూనే ఉంటాయి. కండె అయిపోయిన నాడెలాగా.

మరి చాయ్, ఖారీ తింటే కండె నిండదా? కొంత నిండుతుంది. చక్కెర, మైదా త్వరగా అరుగుతాయి. గంటసేపు ఒంట్లో హుషారు వస్తుంది. ఆ తరువాత మళ్లీ ఆకలి మొదలవుతుంది. ఖారీలో ఉన్నది మైదా, నూనె, ఉప్పు మాత్రమే. ఒళ్లు పెరగడానికి కావలసిన మాంసకృత్తులు అందులో అతి తక్కువ. చాయ్‌తో ఇంకో చిక్కు ఉంది. దానిలోని టానిన్లు అన్నంలో, ఆకుకూరల్లో, పప్పుల్లో ఉన్న ఇనుమును పట్టుకొని ఒంటికి పట్టకుండా చేస్తాయి. తిన్న ఒక గంట తరువాత తాగితే ఈ నష్టం బాగా తగ్గుతుంది. షిఫ్టు దిగిన మనిషిని చాయ్ మానమనడం న్యాయం కాదు. అయితే పదేళ్ల పిల్లకు పాలు లేని నల్లటి చాయ్ నీళ్లు పోసి 'నాస్తా అయింది' అనుకోవడం పెద్దల పొరపాటే.

పొద్దున తింటే చదువు వస్తుందా అన్నది ప్రపంచంలో చాలామంది పరీక్షించి చూసిన ప్రశ్న. జమైకా అనే ద్వీపదేశంలో 16 పల్లె బడులకు చెందిన 814 మంది పిల్లల మీద జరిగిన పరిశోధన 1998లో వెలువడింది. వాళ్లలో సగం మంది బక్కచిక్కినవాళ్లు, సగం మంది మామూలుగా ఉన్నవాళ్లు. రెండు గుంపుల్లోనూ కొందరికి ఒక బడి సంవత్సరం పొడవునా రోజూ ఉదయం ఆహారం పెట్టారు. మిగిలినవారికి ఒక నారింజ ముక్క మాత్రం ఇచ్చారు. ఏడాది తిరిగేసరికి తిన్న పిల్లల బరువు, ఎత్తు కొద్దిగా పెరిగాయి. బడికి వచ్చే రోజులు కూడా పెరిగాయి. చిన్న తరగతుల పిల్లలు లెక్కల్లో మెరుగయ్యారు. ఈ లాభాలు కొండంతవి కావు, కొద్దికొద్దివే. పొద్దున తినని ప్రతి పిల్లవాడూ చదువులో వెనకబడతాడనడం కూడా సరికాదు. ముందు రోజంతా కడుపునిండా తిన్నవాడు ఒక పొద్దు మానితే పెద్దగా నష్టం లేదు. రాత్రి కూడా సగం కడుపుతో పడుకున్నవాడికి మాత్రం ఆ పొద్దుటి ముద్ద తేడా చూపిస్తుంది. భివండి వంటి ఊళ్లో ఈ రెండో రకం పిల్లలు తక్కువేమీ కాదు.

బట్టల మిల్లులకూ పొద్దుటి ఆహారానికీ సంబంధం ఉన్న పాత కథ ఒకటి బొంబాయిలోనే జరిగింది.

1928లో లూసీ విల్స్ అనే ఆంగ్ల వైద్యురాలు బొంబాయికి వచ్చారు. బట్టల మిల్లుల్లో పనిచేసే పేద స్త్రీలలో గర్భవతులుగా ఉన్నవారికి ఒక రకమైన రక్తహీనత వస్తున్నది. ముఖం పాలిపోయేది, నాలుగు అడుగులు వేస్తే ఆయాసం వచ్చేది. ఎందరో తల్లులు దానితో చనిపోయేవారు. పరేల్‌లోని హాఫ్‌కిన్ సంస్థలో విల్స్ దీని మీద పరిశోధన చేశారు. కారణం రోగక్రిములు కావచ్చునని వెతికారు, అది కాదని తేలింది. ఆ స్త్రీలు ఏం తింటున్నారో చూశారు. పండ్లు, కూరలు దాదాపు లేని తిండి అది. చివరికి ఆమెకు మందు దొరికింది. అది ఖరీదైన మందు కాదు. ఇంగ్లండులో జనం పొద్దున రొట్టె మీద పూసుకొని తినే మార్మైట్ అనే ఈస్టు గుజ్జు! దాన్ని తిన్న రోగులు కోలుకున్నారు. 1931లో ఆమె ఈ సంగతి ప్రకటించారు. ఈస్టులో ఉన్న ఆ గుణకారి పదార్థం ఏమిటో అప్పటికి ఎవరికీ తెలియదు. అందుకని శాస్త్రవేత్తలు దాన్ని 'విల్స్ అంశం' అని పిలిచారు.

పదేళ్ల తరువాత, 1941లో, అమెరికాలో పాలకూర నుంచి ఒక పదార్థాన్ని వేరు చేశారు. ఆకు నుంచి వచ్చింది కనుక లాటిన్ భాషలో ఆకు అని అర్థమిచ్చే మాటతో దానికి ఫోలిక్ ఆమ్లం అని పేరు పెట్టారు. విల్స్ వెతికిన అంశం ఈ ఫోలేటు జాతిదే. దాన్ని ప్రయోగశాలలో తయారుచేసే విధానం 1945లో కనిపెట్టిన బృందానికి నాయకుడు ఒక తెలుగువాడు. ఆయన 1895లో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు. గర్భవతులకు నేడు ఆరోగ్య కేంద్రాల్లో ఇచ్చే ఇనుము మాత్రలో ఫోలిక్ ఆమ్లం కూడా ఉంటుంది. బొంబాయి మిల్లు స్త్రీల జబ్బుతో మొదలైన వెతుకులాటకు ఒక తెలుగు శాస్త్రవేత్త చేతిలో మందు తయారు కావడం గుర్తుంచుకోదగిన విషయం.

సుబ్బారావు పేరుతో ముడిపడిన సంగతి ఇంకొకటి ఉంది. ఆయన హార్వర్డ్ వైద్య కళాశాలలో ఫిస్క్ అనే ఆచార్యునితో కలిసి కండరాల్లో శక్తి ఎలా నిలవ ఉంటుందో శోధించారు. 1929లో వారు ఏ.టి.పి. అనే పదార్థాన్ని వెలికితీశారు. అదే సంవత్సరం జర్మనీలో లోమన్ అనే శాస్త్రవేత్త కూడా దాన్ని విడిగా కనుగొన్నారు. తిన్న ముద్ద ఏదైనా చివరికి ఈ ఏ.టి.పి.గా మారి పనికి వస్తుంది. సాంచె నడిపే చేతికైనా, పలక మీద రాసే వేలికైనా శక్తి అందించేది అదే.

రక్తహీనత నేటికీ పోలేదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో 15 నుంచి 49 ఏళ్ల వయసున్న స్త్రీలలో 57 శాతం మంది రక్తహీనతతో ఉన్నారు. దీనికి కారణాలు అనేకం. వాటిలో ఒకటి ప్రతి ఇంట్లో కనిపించేదే. అందరికీ పెట్టి చివర తినేది తల్లి. మొదటి చాయ్ తాగి, బీడీల చాట ముందు కూర్చుని, మధ్యాహ్నం దాకా ఏమీ తినకుండా గడిపేదీ తల్లే. పొద్దుటి తిండి గురించి మాట్లాడేటప్పుడు పిల్లల సంగతే చెప్పి ఆగిపోవడం వల్ల ఈ మనిషి లెక్కలోకి రాదు.

పొద్దున ఏం తినాలి అనే ప్రశ్నకు తెలుగు ఇళ్లలో పాత జవాబు ఉంది. అది సద్ది. రాత్రి మిగిలిన అన్నంలో నీళ్లో, మజ్జిగో పోసి మూత పెడితే తెల్లారేసరికి కొద్దిగా పులుస్తుంది. పులియబెట్టేవి కంటికి కనిపించని మేలైన సూక్ష్మజీవులు. ఇడ్లీ పిండిని పొంగించేవీ ఆ కోవవే. పులియడం వల్ల అన్నం తేలిగ్గా అరుగుతుంది, కొన్ని బి విటమిన్లు పెరుగుతాయి. దానికి ఉల్లిగడ్డ, పచ్చిమిరపకాయ తోడు. పొలానికి పోయేవాడు సద్ది మూట కట్టుకొని పోయేవాడు. పెద్దల మాట సద్ది మూట అన్న సామెత ఊరికే పుట్టలేదు. బమ్మెర పోతన భాగవతంలో గోపాలకులు కృష్ణునితో కలిసి ఏటి ఒడ్డున కూర్చుని ఊరగాయలు నంజుకుంటూ తిన్నది కూడా చల్దే. చల్ది, చద్ది, సద్ది అన్నీ ఒక మాటకు వచ్చిన రూపాలు. దేవుడు తిన్న తిండిని బీదవాళ్ల తిండి అని చిన్నచూపు చూడడం ఈ కాలపు వింత.

సద్దిలో ఒక లోటు మాత్రం ఉంది. అన్నంలో మాంసకృత్తులు తక్కువ. వట్టి నీళ్లకు బదులు పెరుగో, మజ్జిగో పోసి, పక్కన పల్లీల పొడి వేసుకుంటే ఆ లోటు తీరుతుంది. పల్లీల బరువులో దాదాపు నాలుగో వంతు మాంసకృత్తులే. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. భివండి వానాకాలంలో గాలి చెమ్మగా ఉంటుంది. వాసన మారినా, తీగలా జిగురు సాగినా ఆ అన్నం పారవేయాలి. గిన్నె, నీళ్లు, చేయి శుభ్రంగా లేకపోతే మేలు చేసే సద్దే కీడు చేస్తుంది.

ఊళ్లో తిన్నవి మహారాష్ట్రలో దొరకవని కొందరు అంటారు. పేర్లు మారాయి గాని గింజలు అవే. జొన్నలను ఇక్కడ జ్వారీ అంటారు, జొన్నరొట్టెను భాకరీ అంటారు. సజ్జలు బాజ్రీ, పల్లీలు శేంగదాణే, అటుకులు పోహే. తెలంగాణలో తైదలని, ఇతర చోట్ల రాగులని పిలిచే గింజలు మరాఠీ కిరాణా దుకాణంలో నాచణీ పేరుతో ఉంటాయి. ఈ గింజ సంగతి ప్రత్యేకంగా చెప్పుకోవాలి. 100 గ్రాముల రాగుల్లో 340 మిల్లీగ్రాములకు పైగా కాల్షియం ఉంటుంది. మరే ధాన్యంలోనూ ఇంత ఉండదు. ఎముకలు పెరిగే వయసువాళ్లకు ఒక గిన్నె అంబలి ఎంత మేలు చేస్తుందో ఈ ఒక్క అంకె చెబుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ ఇటువంటి లెక్కలను గింజ గింజకూ కట్టి ప్రకటించింది. 1918లో కూనూరులో బెరిబెరి జబ్బు మీద పరిశోధనకు ఒక చిన్న గదిలో మొదలై, 1958లో హైదరాబాదుకు వచ్చిన సంస్థ అది.

మరాఠీ వంటింటి నుంచి నేర్చుకోవలసినవి కూడా ఉన్నాయి. రకరకాల పిండ్లు కలిపి ఒత్తే తాలీపీట్ తెలంగాణ సర్వపిండికి చుట్టమే. మొలకెత్తిన మటకీతో చేసే ఉసల్‌లో మాంసకృత్తులు, ఫోలేటు రెండూ ఉంటాయి. పోహే మీద నిమ్మకాయ పిండడం రుచికోసమే అనుకుంటారు. నిమ్మలో ఉన్న సి విటమిను తిండిలోని ఇనుమును ఒంటికి పట్టిస్తుంది. చాయ్ చేసే పనికి ఇది సరిగ్గా ఎదురు పని.

పిల్లల ఆకలి ఇంటి సంగతి మాత్రమేనా, అందరి సంగతా అన్న ఆలోచన కూడా కొత్తది కాదు. తెలుగు దేవాంగ నేత కుటుంబంలో పుట్టిన పిట్టి త్యాగరాయ చెట్టి చెన్నపట్నం కార్పొరేషనుకు అధ్యక్షుడుగా ఉన్నప్పుడు, 1920లో, థౌజండ్ లైట్స్ ప్రాంతంలోని కార్పొరేషను బడిలో పిల్లలకు ఫలహారం పెట్టడానికి తీర్మానం జరిగింది. ఒక్కొక్కరికి రోజుకు ఒక అణా మించకూడదన్నది షరతు. ఆకలి వల్ల బడికి రాని బీద పిల్లలను రప్పించడం దాని ఉద్దేశం. నేతవాడకు ఆకలి కొత్త కాదు కాబట్టి ఆ ఆలోచన ఆ ఇంటివాడికి రావడం సహజం. నూరేళ్ల తరువాత తమిళనాడు ప్రభుత్వం 2022 సెప్టెంబరు 15న మదురైలో ప్రాథమిక తరగతుల పిల్లలకు ఉదయం వేళ ఆహారం పెట్టే పథకం ప్రారంభించింది. ఉప్మా, కిచిడీ, పొంగలి, కూరగాయల సాంబారు అందులో ఉంటాయి. మరుసటి సంవత్సరం దాన్ని రాష్ట్రంలోని ప్రభుత్వ ప్రాథమిక పాఠశాలలకు విస్తరించారు.

దేశమంతటా బడుల్లో వండిన మధ్యాహ్న భోజనం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. దాని ప్రకారం నడుస్తున్న పథకంలో 1 నుంచి 5 తరగతుల పిల్లలకు పూటకు 450 కేలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందాలి. 6 నుంచి 8 తరగతులవారికి 700 కేలరీలు, 20 గ్రాములు. ఇది చాలా పెద్ద సాయం. అయినా ఆ గంట కొట్టేలోగా లెక్కలు, భాష, విజ్ఞానం పీరియడ్లు అయిపోతాయి. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఈ సంగతి గుర్తించింది. పోషకమైన ఉదయపు ఆహారం తరువాతి గంటలు కష్టమైన పాఠాలకు అనువైనవని చెప్పి, మధ్యాహ్న భోజనంతోపాటు ఉదయం కూడా తేలికైన ఆహారం ఇవ్వాలని సూచించింది.

ఆ సూచన ప్రతి బడికీ అందేదాకా పూట గడవాలి కదా. తండ్రి నిద్రలో, తల్లి పనిలో ఉన్న ఇంట్లో పొయ్యి వెలిగించకుండానే పిల్లలు తినగలిగినవి కొన్ని ఉన్నాయి. అటుకులు కడిగి పెరుగు కలిపితే అయిదు నిమిషాల్లో ఫలహారం. రాత్రి రొట్టె మిగిలితే పల్లీల పొడి, కొంచెం బెల్లం. ఒక అరటిపండు, పిడికెడు పుట్నాలు. ముందు రోజు ఉడికించి పెట్టిన గుడ్డు ఉంటే ఇంకా మంచిది, కాని అది చల్లని చోట ఉంచినదై ఉండాలి.

మొలకలకు షిఫ్టు గడియారం చక్కగా సరిపోతుంది. సోమవారం సాయంత్రం నాన్న రాత్రి షిఫ్టుకు పోయే వేళ పెసలు నానబెట్టాలి. మంగళవారం ఉదయం ఆయన తిరిగి వచ్చేసరికి అవి ఉబ్బి ఉంటాయి. నీళ్లు వంపి, తడి బట్టలో మూటకట్టి, ఆరిపోకుండా మధ్యలో ఒకసారి నీళ్లు చిలకరించాలి. బుధవారం ఉదయానికి తెల్లటి మొలకలు బట్టను పొడుచుకొని బయటికి వస్తాయి. వాటిని బాగా కడిగి, అమ్మ చాయ్ కాచేటప్పుడు ఆ పొయ్యి మీదే ఒక ఉడుకు రానిచ్చి, ఉప్పు, నిమ్మరసం, తరిగిన ఉల్లిగడ్డ కలిపితే నలుగురికి సరిపోతాయి. అమ్మ గిన్నె ముందుగా తీసి పెట్టాలి. లేకపోతే నలుగురిలో ఆమె అయిదవది అవుతుంది.

అభ్యాసం

ఆలోచించి జవాబులు రాయండి.
1. గుంట మగ్గం ఉన్న ఇంట్లోని ఉదయానికీ, సాంచెల మీద పనిచేసేవారి ఇంట్లోని ఉదయానికీ తేడా ఏమిటి?
2. కాలేయాన్ని కండెతో ఎందుకు పోల్చారు? ఆ పోలికను సొంత మాటల్లో వివరించండి.
3. పోహే మీద నిమ్మకాయ పిండడానికీ, తిన్న వెంటనే చాయ్ తాగడానికీ ఉన్న తేడాను చెప్పండి.
4. బొంబాయి మిల్లు స్త్రీల రక్తహీనతకు మందు దొరికిన క్రమాన్ని సంవత్సరాలతో సహా రాయండి.
5. జమైకా పరిశోధనలో కొందరికి నారింజ ముక్క మాత్రం ఎందుకు ఇచ్చి ఉంటారు?

కింది మాటలను సొంత వాక్యాల్లో ఉపయోగించండి.
సద్ది, పడుగు, పేక, ఇంటిల్లిపాది, బతుకుతెరువు, నంజుకొను.

చేయండి.
1. జొన్నలు, సజ్జలు, రాగులు, పెసలు, శనగలు, అటుకులు – వీటిని మీ వాడలోని దుకాణంలో తెలుగులో, మరాఠీలో, హిందీలో ఏమంటారో అడిగి పట్టిక తయారుచేయండి.
2. మీ అవ్వనో, తాతనో అడిగి వారు చిన్నప్పుడు ఊళ్లో పొద్దున ఏం తినేవారో పది వాక్యాల్లో రాయండి.
3. ఒక వారంపాటు మీ ఇంట్లో ఎవరు ఎన్ని గంటలకు మొదటి ముద్ద తిన్నారో, ఏం తిన్నారో రాసి ఉంచండి. అందరికంటే ఆలస్యంగా తిన్నది ఎవరో చూడండి.